గురువారం కట్టిన బిల్లు

మాఘ శుద్ధ ఏకాదశి, గురువారం, ఉదయం తొమ్మిదింపావుకు నా ఫోన్ బిల్లు వచ్చింది. నెలనెలా వచ్చే దానికన్నా యాభై తొమ్మిది రూపాయలు ఎక్కువ. తెల్లవారితే శుక్రవారం. ఆ రోజు ఇంట్లోంచి డబ్బు బయటికి పంపే అలవాటు మాకు లేదు. శనివారం దాకా బాకీ ఉంచడం నాకు గిట్టదు. పెంచిన సంగతి తర్వాత అడుగుదాంలే అనుకుని పదింటికల్లా ఫోన్లోనే కట్టేశాను.

అప్పుడు నేను నాగాయలంకలో మా చెల్లెలి ఇంట్లో ఉన్నాను. దానికి కాలు విరిగితే చూసుకోవడానికి బందరు నుంచి వచ్చాను. బందరులో నాది రోల్డ్ గోల్డ్ గాజుల వ్యాపారం. పెద్దదేమీ కాదు, పనివాళ్ల చేత చేయించి, గుడివాడలో నాలుగు కొట్లకు పంపుతాను. ప్రతి డబ్బా మీదా నా నంబరే ఉంటుంది. చెల్లెలి ఇంటికి నా ఫోన్ కంపెనీ సిగ్నల్ అందదు. రొయ్యల చెరువు గట్టెక్కితే కాస్త వస్తుంది. బిల్లు చూసుకున్నదీ, కట్టిందీ అక్కడి నుంచే.

"గట్టెక్కి గాజులమ్మే మనిషిని నిన్నే చూశానక్కా," అనేది చెల్లెలు మంచంలోంచి. "నువ్వూ జారిపడితే మనిద్దరికీ ఎవరు వండిపెడతారే?"

పెళ్లిళ్లు దగ్గర పడుతున్నాయి. గుడివాడ పెద్దకొట్టు ఆర్డరు ఏ పూటైనా రావచ్చు. నంబరు అదే ఉంచుకుని, చెల్లెలి ఊళ్లో సిగ్నలున్న కంపెనీకి మారదామంటే ఏడాది ఒప్పందం అడ్డం. అందులో ఇంకా ఐదు నెలలుంది. ముందే మానుకుంటే పదిహేను వందలు కట్టాలి. కట్టకపోతే నంబరు వదలరు. రేటు పెంచింది వాళ్లే కాబట్టి ఆ పదిహేను వందలు నేను కట్టక్కర్లేదని తేల్చుకుని, సోమవారం బందరు బస్సెక్కాను.

కంపెనీ ఆఫీసులో అమ్మాయి ఒప్పందం కాగితం తీసి చదివింది.

"మీరన్నది నిజమేనండీ మామ్మగారూ. రేటు మారిస్తే పైసా కట్టకుండా మానేయొచ్చు. కానీ కొత్త బిల్లు కట్టకముందే చెప్పాలండి. కట్టేస్తే ఒప్పుకున్నట్టే."

"కట్టడానికి గడువెప్పటిదాకా ఉందమ్మా?"

"ఇంకా పది రోజులుందండి. అంత తొందరేమొచ్చిందండీ మీకు?"

"మర్నాడు శుక్రవారం."

ఆ అమ్మాయి నవ్వబోయి ఆపుకుంది. "మా అమ్మా ఇంతేనండి. గురువారం సాయంత్రం పాలవాణ్ణి వెనక్కి పిలిచి మరీ ఇచ్చేస్తుంది."

"బిల్లు చదివాక ఇవ్వమని చెప్పు మీ అమ్మకి."

కాగితం నేనూ రెండుసార్లు చదివాను. ఆ షరతు ఉంది, దాని కింద నా సంతకమూ ఉంది. వాదించడానికేమీ లేదు. పదిహేను వందలూ కట్టి, అట్నుంచటే వెళ్లి కొత్త కంపెనీకి మారే కాగితాలు ఇచ్చాను. శుక్రవారానికి కొత్త సిమ్ము పనిచేసింది. చెల్లెలి వంటింట్లో నిలబడే గుడివాడ పెద్దకొట్టుకు ఫోన్ చేశాను.

"ఏమైపోయారు పిన్నిగారూ?" అన్నాడు కొట్టాయన. "మూడు రోజులు చేశాను, ఎప్పుడు చేసినా అందుబాటులో లేరంటుంది. మీరు బేరం మానేశారేమో అనుకున్నాం."

"సిగ్నల్ లేదు బాబూ. సరుకు ఎప్పటికి కావాలి?"

"ఈసారికి ఇంకోచోట తీసేసుకున్నామండీ. నలభై డజన్లు."

పోయినవి: మానుకున్నందుకు కట్టినవి పదిహేను వందలు. బిల్లులో పెరిగినవి యాభై తొమ్మిది. బస్సు ఆడవాళ్లకు ఉచితం కనుక దాని కింద ఏమీ లేదు. నలభై డజన్ల మీద రావలసిన లాభం, డజనుకు అరవై చొప్పున, రెండు వేల నాలుగు వందలు. మొత్తం మూడు వేల తొమ్మిది వందల యాభై తొమ్మిది.