కోటలో నేనల్లిన కథ

మొన్న వేసవిలో మస్కట్ నుంచి మావారూ నేనూ స్కాట్లాండులోని ఎడిన్‌బరో చూడబోయి, టిక్కెట్టు కొనుక్కుని ఒక గైడు వెంట పాత ఊరి రాళ్ళ వీధుల్లో నడిచాం. కోటగుట్ట దగ్గర, పూర్వం మంత్రగత్తెలని ముద్రవేసి ఆడవాళ్ళను కాల్చిన చోట, ఆ గైడు మా గుంపులోంచి ఒకామెను ముందుకు పిలిచి, చేతులు వెనక్కి పెట్టించి, మిగతావాళ్ళను "కాల్చండి" అని అరవమన్నాడు. అందరూ నవ్వుతూ అరిచారు, ఫోటోలు తీసుకున్నారు. నేను గుంపులోంచి బయటికి వచ్చేశాను. మావారు పక్కకు తీసుకెళ్ళి మంచినీళ్ళు తాగించారు గాని, నా రోత ఆ గైడు మీద మాత్రమే కాదని ఆయనకు చెప్పలేకపోయాను.

పెళ్ళయి ఒమాన్ వచ్చిన కొత్తలో నేనూ ఆ పనే చేశాను. మన దేశం నుంచి వచ్చే యాత్రికులకు రుస్తాఖ్ వైపు కోటలు తిప్పి చూపించే ఒక చిన్న కంపెనీలో నా డ్యూటీ. మట్టిగోడలూ, ఖర్జూరం బస్తాలు పేర్చి పాకం దించుకునే గదీ చూసి చూసి ఎండకు విసుక్కునేవారు. అందుకని ఒక కోటలో మేడమీది చీకటి గది చూపించి, అనుమానపు మొగుడొకడు పెళ్ళాన్ని ఇక్కడే గోడకట్టి చంపాడనీ, చెవి ఆనిస్తే ఇప్పటికీ మూలుగు వినిపిస్తుందనీ ఓ కథ అల్లాను. పెద్దా చిన్నా అందరూ గోడకు చెవులు ఆనించేవారు. మేనేజరు మెచ్చుకున్నాడు, నేను ఉబ్బిపోయాను.

ఆ కోట తలుపు తీసే ఒమానీ ముసలాయన గుమ్మం పక్కన కూర్చుని, వచ్చినవాళ్ళందరికీ చిన్న గిన్నెల్లో కహ్వా, అదే అరబ్బుల కాఫీ, పోసి ఇచ్చేవాడు. వయసులో ఉండగా బొంబాయిలో పనిచేశాడనీ, నేను చెప్పే హిందీ అంతా ఆయనకు అర్థమవుతుందనీ నాకు తెలియదు. ఒకరోజు గుంపు బస్సెక్కాక నన్ను ఆపి, మెల్లగా హిందీలో అన్నాడు.

"ఆ గదిలో ఎవరూ చావలేదు బేటీ. మా అమ్మ నన్ను అక్కడే కన్నది."

ఆ గొంతులో కోపం లేదు, ఉన్నా బాగుండేది. ఏడాదిపాటు ఆ మాటలు వింటూనే నాకు కాఫీ పోశాడన్నమాట. నా నోరంటే నాకే అసహ్యం వేసి, చేతిలోని గిన్నె తాగకుండానే కింద పెట్టేశాను.

ఆ మరుసటి వారం గుంపుకు ఉన్నమాటే చెప్పాను, ఇది ఒక తల్లి బిడ్డను కన్న గది అని. వాళ్ళు ఆవలించారు. మసాలా లేకపోతే ఎవరొస్తారు మేడమ్ అంటూ మేనేజరు నన్ను ఆఫీసులో కూర్చోబెట్టాడు. నెల తిరక్కుండా మానేశాను. నేను మానేసినా నా కథ ఆగలేదు. నా తరువాత వచ్చిన గైడులు దానికి ఒక పసిబిడ్డ ఏడుపును కూడా చేర్చారు.

నిరుడు మళ్ళీ ఆ కోటకు వెళితే, ముసలాయన పోయి చాలాకాలమైందన్నారు. ఇప్పుడు యాత్రికులు చెవుల్లో గొట్టాలు పెట్టుకుని, ఎవరో ఫోనులో పెట్టిన వీడియోలో నా అబద్ధాన్నే వింటూ ఎవరి దారిన వాళ్ళు నడుస్తున్నారు. మా రోజుల్లో అబద్ధమాడితే, ఆ ఇంట పుట్టిన మనిషొకడు విని నొచ్చుకునేవాడు, చెప్పినవాళ్ళకు సిగ్గుపడే అదృష్టమైనా దక్కేది. ఆ గదిలో ఎవరూ చావలేదని ఈ చెవిలోని గొంతుకు ఎవరు చెబుతారు?