గొంతు బాగోలేదండి

మన సంఘంలో కొత్త మైకుసెట్టు వచ్చిన దగ్గర్నుంచి నాకో చిన్న ఇబ్బంది ఉంది. దానికి ఎకో ఎక్కువ. ఎవరు ఏ మీట తిప్పేరో గానీ ఒకరు 'ఆమెన్' అంటే నాలుగు వినబడుతున్నాయి, నాలుగోది వచ్చేసరికి సగంమంది చెప్పులు వేసుకుంటున్నారు. ఫిజిక్సు చెప్పుకుని బతికేవాణ్ణి కాబట్టి కారణం నాకు తెలుసు. పెద్దల కమిటీకి రెండుసార్లు మనవి చేసుకున్నాను. "ప్రార్థనకి బలం వస్తుంది మాస్టారూ, ఉండనివ్వండి" అన్నారు. ఉండనిచ్చేను.

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మైకు గురించి రాయమని పాస్టరుగారు ఈ పత్రికలో నాకు చోటివ్వలేదు. సాక్ష్యం రాయమన్నారు. నాకు పెద్ద రోగాలేవీ రాలేదు, తాగుడు అలవాటు కాలేదు, సాక్ష్యానికి కావలసిన సరంజామా నా దగ్గర తక్కువని చెప్పి తప్పించుకుందామనుకున్నాను. కానీ దాదాపు రెండేళ్ళు నా నోరు మూతపడిపోయింది. క్లాసులో కాదు, టీకొట్టు దగ్గర అసలే కాదు, దేవుడి ముందు. ఆయన దాన్ని ఎలా తెరిచాడో చెప్పాలంటే ముందు మా నాన్నగారి గురించి చెప్పాలి.

మా నాన్నగారు యాకోబుగారు కొబ్బరి దింపు తీసేవారు, అంటే తెల్లారగానే కత్తి మొలకి దోపుకుని చెట్లెక్కి గెలలు కోసే పని. చదువు, వేలు పెట్టుకుని బైబిలు చదవగలిగినంత. కానీ ఆయన ప్రార్థన ఊరంతా తెలుసు. అందులో దేవుడికి 'నీవు' అన్న మాట లేదు. చెట్టుమీదనుంచి కింద నిలబడ్డ తోట రైతుగారితో ఎలా మాట్లాడేవారో, పైనున్న తండ్రితోనూ అలాగే. "అయ్యా, తమకి తెలియంది కాదండి" అని మొదలుపెట్టి, తెలియంది కాదంటూనే ఊళ్ళో సంగతులన్నీ ఒక్కటీ వదలకుండా మనవి చేసేవారు. "అయ్యా, తమకి తెలియంది కాదండి, మరియమ్మ పిన్నిగారి మోకాలు మళ్ళీ వాచిందండి. శివారు చేలకి నీళ్ళు అందట్లేదండి." అని ఆగేవారు. కాసేపు ఊరుకుని, అవతలివారు ఏదో చెబుతుంటే విన్నట్టు తల కొంచెం పక్కకి వంచి, చిత్తం అన్నట్టు "ఆయ్" అనేవారు. మళ్ళీ అందుకునేవారు.

చిన్నప్పుడు చర్చిలో ఆయన పక్కన చాపమీద కూర్చుని ఆయన తువ్వాలు అంచు నములుతూ ఉండేవాణ్ణి. కొబ్బరిపీచు, చెమట, ఆదివారం కాబట్టి కాస్త సబ్బు, ఆ మూడూ కలిసిన వాసన ఇప్పటికీ ఎక్కడో ఒకచోట గాలిలో తగులుతుంది, వెనక్కి తిరిగి చూస్తాను. ఆయన "ఆయ్" అన్నప్పుడల్లా దేవుడేమన్నాడో వినబడుతుందేమోనని నేనూ చెవి ఒగ్గేవాణ్ణి. నా భక్తిలో అది మంచి కాలం. తరవాత తొమ్మిదో తరగతికొచ్చేను.

అమలాపురంలో హాస్టల్లో వేసేరు. ప్రార్థనకి ఒక పుస్తకభాష ఉందనీ మావాళ్ళ భాష అది కాదనీ అక్కడ తెలిసింది. అదీగాక మనుషుల గొంతులు నాకు తొందరగా పట్టుబడతాయని కూడా తెలిసింది. వార్డెనుగారి దగ్గు నేను దగ్గితే గది మొత్తం పుస్తకాలు తెరిచేది. దీన్ని చదువనే అనుకున్నాను.

ఆ ఏడు కోతపండక్కి ఇంటికొచ్చేను. పంటలో మొదటి భాగం దేవుడికి తెచ్చే రోజు కదా, పొద్దున్నుంచే సందడి. చర్చి పక్కన పందిట్లో ఆడవాళ్ళు వంకాయలు కోస్తున్నారు. మేం పదిమంది పిల్లలం పందిరి వెనక చేరేం. "ఏదోటి చెయ్యరా, అమలాపురం" అన్నాడొకడు. గంప ఒకటి బోర్లించి పైకెక్కేను. భుజాన తువ్వాలు వేసి కళ్ళు మూసేను.

"అయ్యా, తమకి తెలియంది కాదండి, వంకాయల్లో పుచ్చులున్నాయండి. కూరలో ఉప్పు ఎవరేస్తారో తమరే చూసుకోవాలండి." ఆగేను. తల పక్కకి వంచేను. "ఆయ్."

నవ్వలేక ఒకడు నేలమీద చతికిలపడ్డాడని తరవాత చెప్పేరు. నేను చూళ్ళేదు. కళ్ళు మూసుకున్నాను, ప్రార్థన కదా.

వంకాయలైపోయి ముగింపులోకొచ్చేను. ముగింపు ఆయన మాటలే ఉన్నవున్నట్టు వాడేను, "మా బిడ్డల్ని చల్లగా చూడండయ్యా, మా ఊరిని తమ చేతిలో పెట్టుకోండయ్యా" అని. సరిగ్గా అప్పుడు మా నాన్నగారు ప్రథమఫలం కోసం కొబ్బరిగెల భుజాన వేసుకుని అటుగా వచ్చేరు. సహోదరులారా, ఎవరైనా ప్రార్థన చేస్తుంటే దాటుకుని పోకూడదని, ఎక్కడున్నవాళ్ళం అక్కడే ఆగాలని మనకి పెద్దవాళ్ళు నేర్పుతారు కదా. ఆయన గెల కిందకి దించేరు. తలపాగా తీసేరు. చెప్పులు విడిచి, కళ్ళు మూసుకుని, తల వంచి నిలబడ్డారు. కొడుకు హాస్టల్లో ప్రార్థన నేర్చుకొచ్చాడనుకున్నారు. పిల్లలు నవ్వు బిగబట్టుకున్నారు. నేను ముగించగానే వెనకనుంచి ఒక్క గొంతు గట్టిగా "ఆమెన్" అంది.

కళ్ళు తెరిచేను. పిల్లలు ఇంక ఆపుకోలేక ఒక్కసారి నవ్వేరు. ఆయన వాళ్ళ మొహాలు చూసేరు, నా కాళ్ళకింద గంప చూసేరు, నా భుజమ్మీద తువ్వాలు చూసేరు. అది ఆయనదే. తలపాగా చుట్టుకుని, గెల ఎత్తుకుని, చెప్పులు మాత్రం అక్కడే మరిచిపోయి లోపలికి వెళ్ళిపోయేరు.

ఆరాధనలో పాస్టరుగారు ఏటా పిలిచినట్టే "ప్రథమఫలాల కోసం యాకోబుగారు ప్రార్థన చేస్తారు" అన్నారు. నాన్నగారు లేచి, "గొంతు బాగోలేదండి, ఇంకెవరైనా చేస్తే బాగుంటుందండి" అని కూర్చున్నారు.

ఆ గొంతు ఇరవై రెండేళ్ళు బాగుపడలేదు. చెట్టుమీదనుంచి పిలిస్తే కాలవ అవతల మనిషి పలికే గొంతది, చర్చి గుమ్మం దాటేసరికి మాత్రం బాగుండేది కాదు. నన్ను ఒక్క మాట అన్లేదు. సోమవారం నన్ను బస్సెక్కించడానికి వచ్చి, బస్సు ఆలస్యమైతే బొండం కొట్టిచ్చేరు. తాగేను. క్షమించమని అడగడానికి దేవుడు నాకు ఇరవై రెండేళ్ళు ఇచ్చేడు. ఏదో పనుల్లో ఉండిపోయేను.

రెండేళ్ళ క్రితం ఆయనకి ఊపిరితిత్తులకి నిమ్ము చేసి ఆస్పత్రిలో ఐదు రోజులున్నారు. మూడోనాటి మధ్యాహ్నం, ఇవాళ అడిగేద్దామని కుర్చీ మంచం దగ్గరకి జరుపుకుని, "నాన్నగారూ" అన్నాను. ఆయన కళ్ళు తెరవలేదు. తల కొంచెం పక్కకి వంచి, "ఆయ్" అన్నారు. నాతో అన్నారో, ఇంకొకరితో అన్నారో తెలియలేదు. మాటల్లో ఉన్నవారిని మధ్యలో కదపడమెందుకని ఊరుకున్నాను. ఐదోనాడు పొద్దున్న ప్రభువు ఆయన్ని తీసుకున్నాడు.

జ్ఞాపకార్థ కూటంలో పాస్టరుగారు నన్ను ప్రార్థన చెయ్యమన్నారు. లేచేను. కళ్ళు మూసేసరికి గంపమీద నేనే కనబడ్డాను. నోట్లోంచి వచ్చిన మాట నేను ఎంచుకున్నది కాదు. "గొంతు బాగోలేదండి" అన్నాను. ముందు వరసలో ఒకరిద్దరు ముసలివాళ్ళు తలెత్తి చూసేరు.

అప్పట్నుంచి భోజనం దగ్గర కూడా ప్రార్థన మా ఆవిడే. పుస్తకభాష ఎత్తుకుంటే మాటలు బాగానే ఉండేవి, ఎవరివో అన్నట్టు ఉండేవి. మా నాన్నగారి మాట ఎత్తుకుంటే అందులో వెక్కిరింపు వినబడేది. మూడోరకం నాకు రాదు. నలభై నిమిషాలు ఆగకుండా పాఠం చెప్పేవాణ్ణి, దేవుడి ముందు చేతులు కట్టుకుని నిలబడి వచ్చేసేవాణ్ణి.

ఈ చలికాలం ఒకరోజు పొద్దున్న కాలేజీకి వెళ్తుంటే గన్నవరం అక్విడెక్టు మీద, అంటే కాలవని గోదారి దాటించే వంతెన మీద, స్కూటరు ఆగిపోయింది. దీన్ని అద్భుతమనను, పెట్రోలు నేనే పోయించలేదు. కింద గోదారిమీద మంచు. గట్టు పక్కన ఒక కొబ్బరిచెట్టుమీద ఎవరో దింపు తీస్తున్నారు. కిందున్న మనిషి ఆయనతో ఏదో చెప్పినట్టున్నాడు, నాకు వినబడలేదు. పైనుంచి జవాబు మాత్రం స్పష్టంగా వచ్చింది. "ఆయ్."

అవతలి మాట నాకు వినబడనంత మాత్రాన అవతల మనిషి లేడని కాదు కదా. ధ్వని పాఠం ఏటా చెప్పేవాడికి ఈ ముక్క తట్టడానికి ముప్పై ఎనిమిదేళ్ళు పట్టింది. స్టాండు వేసి, రెయిలింగు పట్టుకుని, కళ్ళు మూసుకున్నాను.

"అయ్యా, తమకి తెలియంది కాదండి, మా నాన్నగారు లేరండి. ఆయన నోరు నేనే మూయించేనండి. నాది నేను తెరుచుకోలేకపోతున్నానండి."

ఆగేను. ఆ ఆగడంలో ఏమీ వినబడలేదు, దేవుడి ఎదుట అబద్ధం చెప్పను. కానీ ఎవరో మన మాట మొత్తం విని, ఇంకా మనవైపే చూస్తూ ఉంటే ఎలా ఉంటుందో అలా ఉంది. ఎన్నేళ్ళ బరువో భుజమ్మీదనుంచి ఎవరో అందుకుని కిందకి దించినట్టుంది. "ఆయ్" అన్నాను. అందులో వెక్కిరింపు లేదు. కళ్ళు తెరిచేసరికి అరటిగెలల ఆటో ఒకటి పక్కన ఆగి ఉంది. "పెట్రోలాండి మాస్టారూ?" అన్నాడు. "ఆయ్" అన్నాను. దానికీ దీనికీ రెంటికీ దేవునికే మహిమ.

మొన్న కోతపండక్కి పెరట్లో కాసిన గెల మా అమ్మగారు నాచేత మోయించేరు. పాస్టరుగారు పిలిచేరు. లేచి, "అయ్యా, తమకి తెలియంది కాదండి" అని మొదలుపెట్టి, ఊళ్ళో ఎవరి మోకాలు ఎలా ఉందో, ఏ చేనుకి నీళ్ళు అందలేదో నాకు తెలిసినంతా మనవి చేసేను. ఆగేను. "ఆయ్" అన్నాను. మైకు దాన్ని నాలుగుసార్లు అంది. ఆ ఒక్కసారికి ఎకో గురించి నాకు ఫిర్యాదు లేదు.

ప్రియులారా, అమ్మనో నాన్ననో నొప్పించినవాళ్ళు మీలో ఉంటే, వాళ్ళింకా ఇంట్లోనే ఉంటే, పత్రిక పక్కనపెట్టి లేవండి. మిగతాది తరవాత చదువుకోవచ్చు, పెద్దగా ఏమీ లేదు. వాళ్ళు లేకపోతే, నాలాగ ఆలస్యం చేసినవాళ్ళయితే, ఆలస్యంగా వచ్చినవాళ్ళని తోలెయ్యని తండ్రి దగ్గరికి రండి. భాష ఏదైనా పరవాలేదు. ఆయనకి తెలియంది కాదు, అయినా చెప్పండి. చెప్పేక కాసేపు ఆగండి. నన్ను విడిపించినవాడు మిమ్మల్నీ విడిపిస్తాడు. ఇంతవరకు నన్ను భరించిన ఆయనకీ, మీకూ వందనాలు.

ఆవేళ మధ్యాహ్నం భోజనాలయ్యేక అమ్మగారిని స్కూటరు వెనక ఎక్కించుకుని ఇంటికొస్తున్నాను. కాలవగట్టు సగం దూరం వచ్చేం. అమ్మగారు నా భుజమ్మీద చెయ్యేసి, "బాగానే చేసేవు గానీ మీ నాన్నలా లేదురా" అన్నారు. "ఆ ఏడు గంపెక్కి చేసేవు చూడు, పందిట్లోంచి విన్నాను. అదీ అచ్చం ఆయన."