వదులు తీగెలు

నిన్న సాయంత్రం నాలుగూ ఇరవైకి కరెంటు పోయింది. వనపర్తిలో ఎండాకాలం అది రోజూ జరిగేదే. పంకా ఆగాక గానీ తెలియలేదు, పై వాటాలో అద్దెకుండే కాలేజీ అమ్మాయి కొత్తగా కొన్న గిటారుకు తీగె బిగిస్తోందని. మర కొంచెం తిప్పడం, తీగెను మీటి చూసుకోవడం, మళ్లీ తిప్పడం. ఒక్కోసారికి ధ్వని ఒక్కో మెట్టు పైకి పోతోంది. చదువుతున్న పుస్తకం ఒళ్లో బోర్లించి, అది ఎప్పుడాగుతుందా అని కూర్చున్నాను. కరెంటు వచ్చింది, పంకా తిరిగింది, పైనుంచి ఇంకేమీ వినపడలేదు. గిటారు మోత అంటే నాకేమీ కష్టం లేదు. తీగె బిగించే చప్పుడే పడదు. అమ్మాయి మంచిది, పాలవాడి దగ్గర మా గిన్నె కూడా తనే పట్టి తెస్తుంది. ఆమెతో ఈ సంగతి చెప్పి లాభం లేదు కనుక ఇక్కడ రాస్తున్నాను.

యుద్ధం నడుస్తున్న రోజుల్లో మా ఆయన గద్వాల స్టేషన్‌లో గూడ్సు గుమాస్తా. పెళ్లయి నేను కాపురానికి వచ్చిన ఏడాదే అక్కడ ఒక గోవా గార్డు పనిలోంచి దిగిపోతూ తన పాత గిటారును మా ఆయనకు ఇచ్చి వెళ్లాడు. ఇచ్చి వెళ్లాడంటే ఏదో గొప్పగా అనిపిస్తుంది గానీ, దాని వీపు చెక్క నిలువునా పగిలి ఉంది, మెడ ఊడి చేతికి వస్తోంది, మరలు తుప్పు పట్టి తిరగడం లేదు. పొయ్యిలోకైనా పనికొస్తుందని నేననుకున్నాను. ఆ గార్డు పడుచుతనంలో ఓడల మీద బ్యాండులో వాయించేవాడట. హవాయి దీవులవాడొకడు అక్కడ అతనికి స్నేహితుడై, తమ దేశపు వాయింపు నేర్పాడట. ఆ దీవుల్లో పశువులు కాసేవాళ్లు గిటారు తీగెలను బిగించరు, వదులు చేస్తారు. తమ చెవికి నచ్చేదాకా కొన్ని తీగెలను కిందికి దించి, ఆ దించినదాన్నే శ్రుతి అంటారు. అట్లా దించిన గిటారుకు ఎడమచేతి వేళ్లు అవసరమే లేదు. ఏ తీగెనూ నొక్కకుండా బొటనవేలు అన్నింటి మీదుగా జార్చితే చాలు, అన్నీ ఒకదానికొకటి పొసిగి పలుకుతాయి. గార్డు వేళ్లు అప్పటికే వణుకుతుండేవి. వాయించి చూపలేక, నోటితో పాడి చూపి మా ఆయనకు నేర్పాడు.

దాన్ని బాగుచేయడానికి మాకు ఆ చలికాలమంతా పట్టింది. మా ఆయన మరలను కిరసనాయిల్లో నానబెట్టాడు. వడ్రంగులు వాడే సరేసు గడ్డ తెచ్చి నా కుంపటి మీద కరిగించాడు. పశువుల తోళ్లతో చేసే జిగురది, కాగుతుంటే ఇల్లంతా తోళ్లగిడ్డంగి వాసన. ఆ వారం మా గడపలోకి పొరుగువాళ్లు ఎవరూ రాలేదు. జిగురు పూసిన చెక్కను ఆరేదాకా అదిమి పట్టడానికి మా దగ్గర ఏ పనిముట్టూ లేదు. అందుకని మంచం నులక విప్పి, గిటారు చుట్టూ చుట్టి, మధ్యలో కర్ర దోపి మెలిపెట్టాము. ఆయన మెలిపెడుతుంటే నేను మోకాళ్లతో దాన్ని పట్టుకుని కూర్చున్నాను. మంచానికి నులక లేక ఆ నాలుగు రోజులూ నేల మీదే పడుకున్నాము. చెక్క అతుక్కుంది. అతుకు ఎక్కడుందో వేలితో తడిమితే తెలియలేదు. అంత గట్టి పని ఆయన జీవితంలో మరొకటి చేయలేదు, చేసే వ్యవధి కూడా లేకపోయింది.

వాయింపు విషయానికొస్తే ఆయన ఘనుడేమీ కాడు. బొటనవేలితో లావు తీగెలను నడకలా ఒకే తీరుగా మోగిస్తూ, మిగతా వేళ్లతో సన్న తీగెల మీద పాట తీసేవాడు. హవాయి పాటలు వచ్చినవి రెండే. అవి అయిపోయాక మా వైపు ఆడవాళ్లు వడ్లు దంచుతూ పాడేవాటిని ఆ వదులు తీగెల మీద వాయించేవాడు. రోకలి పాట కునుకు తీస్తున్నట్టు ఉండేది. గోపాల్‌పేట నుంచి మా ఆయన తండ్రి, మా మామ, ఒకసారి చూడవచ్చి, ఇది పశువుల కాపరుల విద్య అని విని, మన దొడ్లో ఇద్దరున్నారు, వాళ్లకూ చెరొకటి కొనిపెట్టు అన్నాడు. అని, ఆ పూట అక్కడే కూర్చుని చివరిదాకా విన్నాడు.

ఆ గార్డు చెప్పిన మరో సంగతి ఉంది. ఆ దీవుల్లో ఒక్కో కుటుంబానికి ఒక్కో శ్రుతి. దాన్ని ఇంటి సొత్తులా దాచుకుంటారు. వాయించడం అయిపోగానే తీగెలన్నీ జార్చేసి గాని గిటారును పక్కన పెట్టరు, వచ్చినవాళ్లు పట్టుకుపోతారని. మా ఆయన కూడా అట్లాగే జార్చేవాడు. గద్వాలలో దీన్ని దొంగిలించేవాళ్లు ఎవరున్నారని నేను నవ్వాను.

"నువ్వున్నవ్ గద" అన్నాడు.

నేర్పమని అడిగితే, బొటనవేలు నడక నేర్పాడు. శ్రుతి కట్టడం మాత్రం పండుగ పోనీ, పండుగ పోనీ అంటూ వాయిదా వేశాడు. మా ఇంట్లో హార్మోనియం లేదు, ఆయనకు సరిగమల లెక్కా రాదు. గార్డు పాడి చూపినదాన్ని చెవిలో పెట్టుకుని, దాన్ని తన ఇష్టానికి ఇంకొంచెం దించుకుని కట్టేవాడు. అందుచేత అది గార్డు శ్రుతి కూడా కాదు. ఆయనదే.

ఒక వానాకాలం సాయంత్రం వాయిస్తూ వాయిస్తూ, చలి పెడుతోందని గిటారును గోడకు ఆనించి పడుకున్నాడు. తీగెలు జార్చలేదు. ఆ జ్వరం దిగలేదు. దవాఖానకు తీసుకుపోయాము, అక్కడే పోయాడు.

నన్ను గోపాల్‌పేటకు తీసుకుపోయారు. బండిలో గిటారు నా ఒళ్లోనే ఉంది. దారిలో ఎదురైనవాళ్లు దాన్ని చూసి మొహం తిప్పుకున్నారు. మా అత్త మాత్రం, వాని వస్తువు, ఉండనీ అని నడిమింట్లో మేకు కొట్టించింది. మొగుడు పోయినదాన్ని, ఇరవై ఏళ్లదాన్ని. వాయించడమన్న మాట నోట రాకూడదు. అయితే దుమ్ము తుడవొద్దని ఎవరూ అనలేదు. రోజూ మధ్యాహ్నం మామ చేను మీదికి పోయాక, మా ఆయన పాత ధోవతి పేలిక తీసుకుని గిటారు తుడిచేదాన్ని. చెక్క తుడిచి, మెడ తుడిచి, చివరికి పేలికను ఆరు తీగెల మీదుగా పైనుంచి కిందికి ఒక్కసారి లాగేదాన్ని. వేళ్లు పెట్టనక్కరలేని శ్రుతి కదా. ఆయన కట్టి వదిలినది కట్టినట్టే పలికేది. అంతే, ఇంకేమీ చేసేదాన్ని కాదు. నాకు మిగిలింది అదొక్కటే. ఆయన ఫోటో లేదు, పిల్లలు లేరు. మా అత్త పక్కగదిలో బియ్యం చెరుగుతూ వినేది. ఒకనాడు మాత్రం అన్నది:

"ఇయ్యాల జర గట్టిగ తుడిచినవ్ బిడ్డా."

ఎండలకు, వానలకు తీగెలు కొంచెం కొంచెం దిగుతున్నాయని నాకు తెలుసు. మర తిప్పి సరిచేయడానికి చేయి రాలేదు. నేను తిప్పితే అది నా శ్రుతి అయిపోతుంది. అన్నీ కలిసే దిగుతున్నాయి కనుక పొందిక చెడలేదు. ఆయనే మరికాస్త కిందికి దించినట్టు ఉండేది.

సంవత్సరీకం నాడు భజన పెట్టించారు. ఊరి పంతులు హార్మోనియం తెచ్చాడు. పాన్‌గల్ నుంచి రావలసిన తంబూర మనిషి రాలేదు. పంతులు గోడ మీది గిటారు చూసి, మామను అడిగి, మేకు నుంచి దించాడు. వేలితో మీటాడు. నేను పదిమందిలోకి రాకూడదు కనుక లోపలి తలుపు వెనక ఉన్నాను.

"చెయ్యి ఆడక తీగెలన్నీ జారినయి పటేలా" అన్నాడు పంతులు. "ఒక్కటి సుత శ్రుతిల లేదు."

మామ గిటారు మీద చేయి వేశాడు. "గట్లయితె జర బిగియ్యి. మావోని పెట్టె దేవుని ముందర మూగగ ఉండొద్దు."

నేను మా అత్త చేయి పట్టుకున్నాను. "అత్తమ్మా, ముట్టొద్దని చెప్పు. అది ఆయన కట్టింది. గట్లనే ఉండాలె."

మా అత్త నడిమింట్లోకి పోయి ఉన్నదున్నట్టు చెప్పింది. కోడలు వద్దంటున్నది, వాడు వదులుగనే కట్టిండంట అన్నది. మామ కోపం చేసుకోలేదు. కోపం చేసుకున్నా బాగుండేది. "బిడ్డ దుఃఖంల ఉన్నది. ఆమెకేం తెలుస్తది" అన్నాడు.

పంతులు నవ్వి, తలుపు వైపు చూసి నాకు వినపడేలా అన్నాడు. "వదులు తీగెల పాటంటె నులక జారిన మంచమమ్మా. పండుకున్నోని నడుము పోతది."

అందరూ నవ్వారు. ఆ మంచం నులకతోనే ఆ పెట్టె నిలబడిందని వాళ్లకు తెలియదు. తంబూర, హార్మోనియం తప్ప మరొకటి వినని ఊరు. అక్కడ తీగె వదులుగా ఉందంటే పట్టించుకునేవాళ్లు లేరనే అర్థం. పంతులు హార్మోనియం మెట్టు ఒకటి నొక్కిపట్టి, లావు తీగె నుంచి మొదలుపెట్టాడు. ఒక్కొక్కటీ ఎక్కడినుంచి ఎక్కడికి పోతున్నదో తలుపు వెనకనుంచి విన్నాను. చెక్క ఒకసారి కిర్రుమంది. పగిలిపోతే బాగుండునని అనుకున్నాను. పగలలేదు. అతుకు నిలిచింది.

"సూస్తివా, మావోని పని ఎంత గట్టిదో" అని మామ అందరికీ చూపించుకున్నాడు. అని ఏడ్చాడు. భజన బాగా జరిగిందని ఊరంతా చెప్పుకున్నారు.

ఆ తరువాత ప్రతి శనివారం అది తంబూరగా మోగింది. మామ ఉన్నన్నాళ్లూ కొడుకు గొంతు విన్నట్టే విన్నాడు. మామ నుంచి దాన్ని లాక్కోవడం నాకు చేత కాలేదు, చేయదలచుకోలేదు కూడా. ఆ సంవత్సరీకం మర్నాడు మధ్యాహ్నం నేను పేలిక తీయలేదు. మా అత్త చేట పట్టుకుని వచ్చి, గోడ వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసి వెళ్లిపోయింది.

మామ పోయాక, భజన ఆగిపోయాక, ఒక పగలు గిటారు దించి ఒళ్లో పెట్టుకున్నాను. అప్పటికి ఇంట్లో వద్దనేవాళ్లు లేరు. మరలు ఒక్కొక్కటీ వెనక్కి తిప్పుతూ పోయాను. ఒకచోట ఆరు తీగెలూ పొసిగాయి. వినడానికి బాగానే ఉంది. ఆయనది ఇదేనా అంటే చెప్పలేకపోయాను. ఏళ్ల పాటు శనివారం శనివారం విన్న ఆ బిగుతు శ్రుతి నా చెవిలో దీని మీద కూర్చుంది. మళ్లీ దించాను, అదీ బాగానే ఉంది. అట్లా మూడు నాలుగు దొరికాయి, అన్నీ బాగున్నాయి. మనిషి పోయిన రోజు ఒక్కటే ఉంటుంది, ఆ మనిషిది ఒక్కొక్కటి పోయే రోజు మాత్రం ఎప్పుడూ వేరేగా వస్తుంది.

గిటారును చెదలు తిన్నాయి. అతుకు దగ్గర తినలేదు, సరేసు చేదేమో. ఇల్లు అమ్మి నేను వనపర్తి వచ్చాను. ఇప్పుడు మధ్యాహ్నం పూట నేను ఏదీ తుడవను.