మా ఇంటాయన కనిపెట్టిన స్టార్టరు

కరెంటు వస్తువులు కనిపెట్టిన మొగవాళ్ల గురించి పిల్లల పుస్తకాల్లో బొమ్మలేసి మరీ రాస్తారు. అప్పుడు వాళ్ల ఇళ్లలో ఏమేం మాయమయ్యాయో మాత్రం ఎవరూ రాయరు. మా ఇంట్లో ముందు టేబుల్ ఫ్యాను పోయింది, తర్వాత చేట పోయింది.

తెలంగాణ వచ్చిన కొత్తలో మా పొలానికి కరెంటు విడతలు విడతలుగా వచ్చేది. బోరు మోటరుది మొండి గుణం. కరెంటు పోతే ఆగిపోతుంది. మళ్లీ వచ్చినా, ఎవరో ఒకరు పోయి స్టార్టరు డబ్బా మీది పచ్చబటన్ నొక్కితే తప్ప లేవదు. దాని కోసం అన్నం ముందు నుంచి లేచి ఉరికీ ఉరికీ విసుగెత్తి, మా ఇంటాయన ఒక యంత్రం కనిపెట్టాడు.

అది పనిచేసే తీరు చెప్తాను. మోటరు కొట్టంలో నా ఫ్యాను స్విచ్చి వేసే ఉంటుంది. దాని ముందు చేట వేలాడుతుంటుంది. కరెంటు రాగానే ఫ్యాను తిరుగుతుంది. ఆ గాలికి చేట వెనక్కి పోతుంది. చేటకు కట్టిన దారం పైనున్న చెక్కపలక అంచున నిలబెట్టిన రాయిని లాగుతుంది. రాయి కట్టె మీద పడుతుంది, కట్టె పోయి పచ్చబటన్‌ను పొడుస్తుంది. ఇక మోటరు నడిచినంతసేపూ నా ఫ్యాను మోటరుకు విసురుతుంటుంది, ఇంట్లో నేను చెమటతో ముద్దవుతుంటాను. పైగా పడ్డ రాయిని మళ్లీ పైన పెట్టడానికి ఎట్లాగూ పొలానికి పోవాల్సిందే! ఇదంతా ఆయన ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెప్తుంటే విని విని నాకు కంఠతా వచ్చింది. నేను మాత్రం పంతం పట్టి ఆ కొట్టం గడప తొక్కలేదు.

“కేతేపల్లిల ఆటో స్టార్టర్లు అమ్ముతుండ్రు. అందరు పెట్టుకున్నరు. నువ్వు గూడ ఒకటి తెచ్చి నా ఫ్యాను నాకియ్యరాదయ్యా” అన్నాను.

“కొనుక్కొచ్చి బిగించుడు ఎవనికన్న వస్తదే” అన్నాడు.

ఇంతలో ఇరవై నాలుగు గంటల కరెంటు వచ్చింది. ఊరంతా సంబరపడితే ఆయనొక్కడే మొఖం మాడ్చుకున్నాడు. కరెంటు పోకపోతే యంత్రం నడిచేదెట్లా?

“ఇగనన్న ఫ్యాను తెస్తవా?”

“జర ఆగు. ఒక్కసారి కరెంటు పోయి రానియ్యి.”

కరెంటు పోవాలని మొక్కుకునే మనిషిని నేనింకెక్కడా చూడలేదు.

ఒక ఎండాకాలం గాలిదుమారానికి స్తంభాలు ఒరిగిపోయాయి. లైన్‌మన్లు తీగలు సరిచేస్తుంటే ఆయన తెల్లారకముందే చీకట్లో రాయిని నిలబెట్టి వచ్చి ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరే కావలి కూర్చున్నాడు. ఇదే అదనని నేను స్క్రూడ్రైవర్ తీసుకుని కొట్టానికి పోయాను. చూస్తే ఏముంది, చేటను చెదలు తినేశాయి. చుట్టూ అంచు మాత్రం మిగిలింది. ఫ్యానుకు ఒక మర విప్పానో లేదో కరెంటు వచ్చింది. ఫ్యాను తిరిగింది. ఎన్నాళ్లకో నా ఫ్యాను గాలి నా మొఖానికి తగిలి ప్రాణం లేచొచ్చింది. రాయి మాత్రం ఉలకలేదు, పలకలేదు.

అంతలో బయట ఆయన గొంతు వినిపించింది. పొలం ఒడ్డు మీద ఉరికొస్తూ “లేచిందా? మోటరు లేచిందా?” అని అరుస్తున్నాడు. ఆ ఆశ చూస్తే నా కోపమంతా ఎటు పోయిందో తెలియదు. పచ్చబటన్ నొక్కాను. రాయిని కింద పడేశాను. చేట అంచును కిటికీలోంచి కంచెలోకి విసిరి, స్క్రూడ్రైవర్ కొంగులో దాచుకున్నాను.

ఆయన రొప్పుకుంటూ లోపలికొచ్చి రాయిని చూశాడు, నన్ను చూశాడు.

“సూసినవా?”

“సూసిన.”

“చేటేది?”

“గాలికి ఎగిరిపోయింది.”

“అబ్బ! గంత జోరుగ తిరిగిందా!”

ఆ తర్వాత మిగిలిన మరలు తనే విప్పి, ఫ్యాను తెచ్చి నా చేతుల్లో పెట్టాడు. “ఇగ తీస్కపో. ఊరంత సూసిండ్రు, నువ్వే సూడలే. నువ్వొక్కసారి సూస్తే సాలని ఉంచిన, అంతే.”

నాకు ఏడుపొక్కటే తక్కువ. ఇంటికొచ్చి ఫ్యాను పెట్టుకున్నాను. దాని కోసం అన్నాళ్లు పోట్లాడినదాన్ని, ఆ రోజు దాన్ని ఆయన వైపే తిప్పి పడుకున్నాను.