వెల్డా కట్టిన ఈగలు

అక్టోబరు వచ్చిందంటే ఆల్డర్ ఫోర్డు ఊరికంతా పండగ, వెల్డా రాస్మసెన్‌కు మాత్రం వెట్టిచాకిరీ. నది పొడవునా కాటన్‌వుడ్ ఆకులు పసుపెక్కి రాలుతుంటాయి. ఎండాకాలమంతా గాలి నింపిన రబ్బరు తెప్పల మీద తేలుతూ కేకలు పెట్టిన కుర్రకారు వెళ్ళిపోతారు. అప్పుడు దిగుతారు అసలు సిసలు గాలపురాయుళ్ళు. మాట తక్కువ, సామాను ఎక్కువ. పొద్దున్న ఆరు కొట్టేసరికి బ్రోడీ వాళ్ళ గాలాల కొట్టు ముందు బండ్లు ఆపి, చేతిలో కాఫీ పట్టుకుని, అందరూ ఒకటే మాట అడుగుతారు.

"ట్రౌట్ చేపలు ఇప్పుడు దేనికి పడుతున్నాయి?"

ముప్పై ఆరేళ్ళుగా ఆ ప్రశ్నకు జవాబు వెల్డా చేతుల్లోంచే వస్తోంది. కొట్టు వెనక కిటికీ పక్కన ఆమె బల్ల. చిన్న ఇనుప బిగింపులో గాలపు కొక్కెం బిగించి, దానికి ఈక ముక్కో జింక వెంట్రుకలో పెట్టి, సన్నటి దారంతో చుట్టి, నీళ్ళ మీద వాలిన పురుగులా తయారు చేయడం ఆమె పని. వీటినే ఈగలంటారు; పెద్దవి వేలెడు ఉంటాయి. చిన్నవి బియ్యపు గింజకు మించవు. ఇంతవరకూ రెండు లక్షలైనా కట్టి ఉంటుందని కొట్టు యజమాని గేలెన్ బ్రోడీ ఓసారి అంటే, "ఎవరు లెక్కపెట్టారులే" అని తల ఎత్తకుండానే కొట్టిపారేసింది.

ఆమెది ఎగువన గొర్రెలు మేపుకునే కుటుంబం. ఇరవై మూడో ఏట లాయిడ్ అనే పడవ నడిపేవాణ్ణి పెళ్ళి చేసుకుని ఊళ్ళోకి వచ్చింది. ఆ చలికాలం మంచుకు దారులు మూసుకుపోతే, గేలెన్ తల్లి ఓపల్ ఆమెను పిలిచి బల్ల దగ్గర కూర్చోబెట్టింది. "చేతులు ఖాళీగా ఉంటే పిచ్చెక్కుతుందే పిల్లా, ఇది చుట్టు" అని దారపు కండె చేతికిచ్చింది. తర్వాత లాయిడ్ ఒక ఎండాకాలం పనికని అలాస్కా వెళ్ళాడు. అక్కడి సాల్మన్ చేపలూ, అక్కడ క్యాంటీన్ నడిపే ఆవిడా నచ్చి ఉండిపోయాడు. వెల్డా కొన్నాళ్ళు ఏడ్చింది, కానీ బల్ల వదల్లేదు. ఓపల్ పోయింది, గేలెన్ మీసాలు నెరిశాయి, అయినా వదల్లేదు.

చిరుజల్లు పడే మబ్బు రోజుల్లో నది మీద ఆకుపచ్చ బూడిదరంగు పురుగులు లేస్తాయి. వాటికి సరిపోయే ఈగ ఎవరికీ కుదరని రోజుల్లో, వెల్డా తన పాత ఉన్ని స్వెట్టరు మోచేతి దగ్గర పీకిన నూగుతో ఒకటి కట్టింది. చూడ్డానికి పనికిమాలిన చింకిలా ఉంది. చేపలు ఎగబడ్డాయి. పడవలవాళ్ళు దానికి 'వెల్డా పీలిక' అని పేరు పెట్టారు. దూరాభారమైనా ఆ పీలిక కోసమే మనుషులు వస్తారు. విడ్డూరమేమిటంటే, ఆమె అక్టోబరులో నదిలో కాలు పెట్టి పందొమ్మిదేళ్ళయింది. చేపలు బాగా పడే రోజులే ఈగలు బాగా చెల్లే రోజులు. బల్ల ఎప్పుడు వదులుతుంది, పడవ ఎప్పుడెక్కుతుంది?

మూడేళ్ళ కిందట ఎడమ బొటనవేలి మొదట్లో నొప్పి పట్టుకుంది. మొదట చలికి అనుకుంది. తర్వాత దారం జారడం మొదలైంది. గంటకు డజను కట్టే మనిషి ఆరుకు, ఆపైన నాలుక్కు దిగింది. ఎవరికీ చెప్పలేదు. ఆదివారాలు కొట్టుకు సెలవు. ఆ రోజు వెనక తలుపు తీసుకుని వచ్చి, వారంలో తగ్గినవి కట్టి డబ్బాల్లో నింపి పోయేది. ఇంటికెళ్ళి గోరువెచ్చని నీళ్ళలో చేతులు ముంచుకుని, డబ్బా సూపు వేడి చేసుకుని, సగం తాగి కుర్చీలోనే నిద్రపోయేది. కుర్చీలోంచి మంచం దాకా నడిచే ఓపిక కూడా మిగిలేది కాదు.

అక్టోబరు రెండో గురువారం నాడు హార్లన్ బీక్ తన ఈగల పెట్టె ఆమె బల్ల మీద పెట్టాడు. హార్లన్ ఈ నదిలో ముప్పై ఏళ్ళుగా పడవ నడుపుతున్నాడు. బ్రహ్మచారి, పెద్ద నోరు, కుడి భుజం అరిగిపోయింది.

"ఓ రెండు డజన్లు పీలికలు పడెయ్ వెల్డా. ఇవాళ నా పడవలో ఇద్దరు పళ్ళ డాక్టర్లు. చెట్లకే సగం తగిలిస్తారు."

వెల్డా పెట్టె తెరిచింది. లోపల పాతవి ఇంకో పది ఉన్నాయి. ఏదో వాసన కొట్టింది. ఒకటి తీసి దీపం కింద భూతద్దంలో చూసింది. ఈగ తల మీద, దారం ముడి పడే చోట, గాజులా మెరుస్తోంది. ఇంకోటి చూసింది. అదీ అంతే. పదికి పదీ అంతే. ఆమె జన్మలో ఈగకు జిగురు పెట్టలేదు. ముడి సరిగ్గా వేస్తే జిగురెందుకని ఓపల్ నేర్పిన పద్ధతి.

"హార్లన్, ఇదేంటి?"

"ఏది?"

"గోళ్ళ రంగు వాసనొస్తోంది."

హార్లన్ కాఫీలోకి చూశాడు. "మా మనవరాలు ఆడుకుంటూ పూసుంటుంది."

"నీకు పెళ్ళే కాలేదు కదయ్యా, మనవరాలెక్కణ్ణుంచి ఊడిపడింది?"

బూట్లు తొడుక్కుంటున్న మిగతా పడవలవాళ్ళలో ఎవరో కిసుక్కుమన్నారు. వెల్డా నవ్వకపోవడం చూసి ఆ నవ్వు కూడా ఆగిపోయింది.

"ఎన్నాళ్ళుగా?" అంది.

"పోయినేడు సెప్టెంబరు నుంచి," అన్నాడు హార్లన్, గొంతు తగ్గించి. "చిన్నవాటికే. పెద్దవి బానే ఉంటున్నాయి."

"ఊడిపోతున్నాయా?"

"రెండు చేపలు కొరికేసరికి దారం వదులైపోతోంది. కొన్ని... మొదటి చేపకే."

"నువ్వొక్కడివేనా?"

నలుగురు మొగాళ్ళు నాలుగు జతల బూట్ల తాళ్ళు ఎప్పుడూ చూడనట్టు చూసుకుంటున్నారు.

"అందరూనా?"

"మందుల కొట్టులో లోలా అడిగింది వెల్డా," అన్నాడు హార్లన్, తేలిక చేద్దామని. "'ఏంటి సంగతి, నెలకు మూడు సీసాలు గోళ్ళ రంగు పట్టుకుపోతున్నావ్, ఎవరికోసం సింగారం' అని. ఊరంతా నా పరువు పోయింది."

వెల్డాకు కోపం రాలేదు. వస్తే బాగుండేది. మోస్తున్న బస్తా మీద ఎవరో ఇంకో బస్తా పెట్టినట్టు భుజాలు వాలిపోయాయి. గల్లా దగ్గరున్న గేలెన్ వైపు తిరిగింది. "నీకూ తెలుసా?"

గేలెన్ లోపలికి వెళ్ళి ఒక అట్టపెట్టె తెచ్చాడు. "వసంతంలో తెప్పించాను. సముద్రం అవతల ఏదో కార్ఖానా. నీ పీలిక ఒకటి మచ్చుకు పంపితే అలాగే కట్టి పంపారు. ఇంకా బయట పెట్టలేదు."

"ఎందుకు పెట్టలేదు?"

"నీతో ఎలా చెప్పాలో తెలియక."

"ఆర్నెల్ల నుంచా?"

"ఊఁ. ఆర్నెల్ల నుంచి."

"నిన్ను ఈ బల్ల కింద పడుకోబెట్టి జోకొట్టానురా. ఒక్క మాట చెప్పలేకపోయావా?" అని, చెయ్యి చాపింది. "ఇటియ్యి, చూద్దాం."

చిన్న ప్లాస్టిక్ సంచుల్లో డజను చొప్పున ఉన్నాయి. ఒక్కో సంచిలో ఒక కాగితం ముక్క, దాని మీద కట్టిన మనిషి నంబరు. మొదటి సంచిలో 114. వెల్డా ఒక ఈగను బిగింపులో పెట్టి అద్దంలోంచి చాలాసేపు చూసింది. తప్పు దొరకాలని చూసింది. సూది మొనతో దారం చుట్లు లెక్కపెట్టింది. తను ఏడు చుట్లు వేస్తుంది. ఇది కట్టిన చెయ్యి తొమ్మిది వేసింది, అయినా తల లావెక్కలేదు. రెక్క నిటారుగా నిలబడింది. నూగు ఎక్కడా గడ్డ కట్టలేదు. ఎవరో ఏమిటో, మంచి కళ్ళూ మంచి బొటనవేలూ ఉన్న మనిషి. ఆడమనిషే అయి ఉంటుందని వెల్డాకు ఎందుకో అనిపించింది.

"ఎలా ఉంది?" అన్నాడు గేలెన్.

"బాగుంది." ఈగను బిగింపులోంచి తీసి సంచిలో వేసింది. "తోక వెంట్రుకవాసి పొడుగు. పోనీ, ఉండనీ. చేపకేం అడ్డం కాదు."

లేచి తన కప్పు కడిగి బోర్లించింది. కోటు వేసుకుని, 114 సంచి జేబులో పెట్టుకుని ఇంటికి వెళ్ళిపోయింది. అప్పటికి పొద్దున్న ఏడయినా కాలేదు. ఒంట్లో బాగానే ఉండి ఆమె పని మధ్యలో వదిలి వెళ్ళడం అదే మొదలు.

బూట్లతోనే మంచమెక్కి మధ్యాహ్నం మూడింటిదాకా పడుకుంది. లేచాక చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. పిండి కలిపి రొట్టె చేద్దామనుకుని, కలిపేదాకా చేసి, గిన్నె మూతపెట్టి వదిలేసింది. గేలెన్ ఫోను చేశాడు, తియ్యలేదు. శుక్రవారమూ అంతే.

శనివారం మధ్యాహ్నం హార్లన్ వచ్చి గుమ్మంలో టోపీ తీసి నిలబడ్డాడు. "రేపు నా గిరాకీలు రావట్లేదు. వానా చలీ అని హడలిపోయారు. నీ పురుగులు లేచే వాతావరణం అచ్చంగా. పడవ ఖాళీగా ఉంది."

"నాకు ఓపిక లేదు హార్లన్."

"నాకు మాత్రం ఉందా? భుజం చచ్చింది. ఇద్దరం లేని ఓపికతోనే పోదాం."

ఆమె కాదనడానికి కూడా ఓపిక చేసుకోలేదు.

ఆదివారం పది గంటలకు పడవ నీళ్ళలోకి దించారు. వెల్డా పాత రబ్బరు లాగు మోకాళ్ళ దగ్గర పగిలిపోయి ఉంటే, హార్లన్ తనది ఒకటి ఇచ్చాడు. అందులో ఇంకో వెల్డా పట్టేంత చోటుంది. సన్నగా జల్లు పడుతోంది. నీళ్ళు ఉక్కు రంగులో ఉన్నాయి. ఒక పాయ దగ్గర అడుగున గులకరాళ్ళు ఎవరో తోమినట్టు తెల్లగా మెరుస్తున్నాయి. బ్రౌన్ ట్రౌట్లు తోకలతో ఊడ్చి గుడ్లు పెట్టుకునే చోటు అది. హార్లన్ పడవను దూరంగా తిప్పాడు.

"అటు విసరకు."

"నాకా చెప్తున్నావ్?"

"అలవాటులే. రోజూ పళ్ళ డాక్టర్లకు చెప్పీ చెప్పీ."

మలుపు దాటాక లంగరు వేశారు. వెల్డా జేబులోంచి 114 సంచి తీసింది. గాలం తీగను ఈగ కొక్కెం బెజ్జంలోంచి దూర్చబోతే వేలు సహకరించలేదు. హార్లన్ కళ్ళద్దాలు పెట్టుకుని, ఈగను చెయ్యి చాచినంత దూరంలో పట్టుకుని ప్రయత్నించాడు. అద్దాల మీద వాన. ఇద్దరూ చెరోసారి తిట్టుకుని, చెరోసారి కిందపడేసి, పదిహేను నిమిషాలకు ఎట్టకేలకు దూర్చారు. హార్లన్ చొక్కా జేబులోంచి గోళ్ళ రంగు సీసా తీయబోయాడు.

"దీనికక్కర్లేదు," అంది వెల్డా.

ఒంటిగంటకు పురుగులు లేచాయి. నీళ్ళ మీద బూడిద చల్లినట్టు వందలకొద్దీ. వాటి వెంట ట్రౌట్ల ముక్కులు. మొదటి విసురు ఆమె టోపీకే తగులుకుంది. రెండోది అడ్డంగా పడింది. మూడోది మెత్తగా వాలి, రెండు బారలు తేలి, మాయమైంది. గాలపు కర్ర వంగిందో లేదో ఆమె రెండు కాళ్ళూ పడవ అడుగున ఊనుకుంది. చేతి పొడవు రెయిన్‌బో ట్రౌట్. వల్లోకి తెచ్చి, తడి చేత్తో పట్టుకుని, కొక్కెం తీసి వదిలేసింది. ఈగను ఆరబెట్టి చూసింది. చెక్కుచెదరలేదు. రెండోది పట్టింది. చూసింది. మూడోది. తన ఈగ అయితే ఈపాటికి విప్పుకుపోయేది. నాలుగో చేప తర్వాత చూడటం మానేసింది. ఐదోది పెద్ద బ్రౌన్, ఒక్క గుంజుకు తీగ తెంపుకుని ఈగతో సహా పోయింది.

వెల్డా పడవ అడ్డబల్ల మీద కూలబడింది. ముఖం తుడుచుకుంది. వానే తుడుచుకుందని హార్లన్ అనుకున్నాడు, లేదా అలా అనుకోవడమే మంచిదనుకున్నాడు. ఫ్లాస్కులో కాఫీ పోసి ఇచ్చాడు.

"చెప్పాల్సింది హార్లన్."

"చెప్తే మానేసేదానివి."

"మానేసేదాన్నే. ఆదివారాలు హాయిగా పడుకునేదాన్ని."

"ఆదివారాలేంటి?"

అప్పుడు చెప్పింది. వెనక తలుపు, వేన్నీళ్ళ గిన్నె, కుర్చీలో నిద్ర, అన్నీ. హార్లన్ వింటూ వింటూ తల పట్టుకున్నాడు.

"అంటే నువ్వు ఆదివారం పూటా చేతులు అరగదీసుకుని కట్టేవి నేను సోమవారం కూర్చుని అతికించుకుంటున్నానా?"

"అంతేగా మరి."

"మనిద్దరి కంటే చేపలకే బుద్ధి ఎక్కువున్నట్టుంది."

అప్పుడు నవ్వింది వెల్డా. ఎక్కువసేపు కాదు. నవ్వితే పక్కటెముకలు నొప్పిపుట్టాయి. "ఇంక చాలు, ఇంటికి పోదాం పద," అంది. దిగువ రేవుదాకా హార్లన్ ఒంటి భుజంతో తెడ్డు వేస్తుంటే, రెండో తెడ్డు ఆమె తీసుకుంది. పడవ వంకరటింకరగా పోయింది.

సోమవారం ఆరింటికి కొట్టుకు వెళ్ళింది. గేలెన్ క్షమాపణ మొదలుపెట్టబోతే చెయ్యెత్తి ఆపింది.

"పెట్టె బయట పెట్టు. చిన్నవి ఇంక నేను కట్టను. పెద్దవి చెయ్యి సాగినన్ని కడతా. మిగతా పూట గల్లా దగ్గర నిలబడతా. ఎవరైనా అడిగితే నేను కట్టానని మాత్రం అబద్ధం చెప్పను."

"అలా అంటే కొనరేమో వెల్డా."

"కొంటార్లే. చేపలు పడుతుంటే ఎవడికి కావాలి ఎవరు కట్టారో."

కొన్నారు. మిన్నెసోటా నుంచి ఏటా వచ్చే ఒక ముసలాయన మాత్రం, ఇవి మీ చేతివి కాకపోతే నాకొద్దని మొండికేశాడు. వెల్డా ఆయన్ను కిటికీ దగ్గరకు తీసుకెళ్ళి తనది ఒకటి, వాళ్ళది ఒకటి అద్దం కింద పెట్టి చూపించింది. ఆయన చాలాసేపు చూసి, కార్ఖానా ఈగలు రెండు డజన్లు పట్టుకెళ్ళాడు. ఆ రోజు ఆమె మధ్యాహ్నం తిండి తినలేదు.

నవంబరు మొదట్లో మంచు పడింది. బండ్లు తగ్గాయి. ఆసుపత్రిలో డాక్టరు బొటనవేలు అటూ ఇటూ తిప్పి చూసి, చలికాలంలోనే కోత పెడితే వసంతానికి కుదురుకుంటుందన్నాడు. ఆలోచించి చెప్తానంది. ఇప్పుడు ఆదివారాలు నిద్రపోతోంది. తొమ్మిదింటికి లేచినా అప్పుడే పడుకున్నట్టే ఉంటుంది. ముప్పై ఆరేళ్ళ బడలిక నాలుగు ఆదివారాలకు తీరేది కాదని ఆమెకు తెలుసు. దుప్పటి ఇంకాస్త పైకి లాక్కుని మళ్ళీ కళ్ళు మూసుకుంటుంది.