మునక్కాయల దొంగకు పెట్టిన కెమెరా

ఇప్పుడు ప్రతి ఇంటి గోడకూ ఓ కన్ను మొలిచింది కానీ, తాండూరులో ఇంటి బయట కెమెరా బిగించిన తొలి మొనగాణ్ణి నేనే. కాదన్నవాడితో ఎంతసేపైనా వాదిస్తాను. ఎనభైల మొదట్లో మాట ఇది. నవ్వకండి, ఆ కెమెరా దొంగను పట్టింది కూడా. పట్టకపోయి ఉంటే నా పరువు దక్కేది.

అప్పుడు నేను నాపరాళ్ల డిపోలో గుమాస్తాను. కొత్తగా పెళ్లయింది. ఇంటి ముందు ఓ మునగచెట్టు. నేనే నాటాను, నేనే నీళ్లు పోశాను. కూరకు ఒక్క కాయ తెంపాలన్నా మా ఆవిడ సుజాత నా అనుమతి కోసం ఆగాల్సిందే. అలాంటి చెట్టుకు ఎండాకాలంలో దొంగ పడ్డాడు. పొద్దున నేను పనికి పోయేటప్పుడు జడల్లా వేలాడే కాయలు, సాయంత్రం వచ్చేసరికి మాయం.

"ఎవడు తెంపిండే?"

"నాకేమెరుక? గాలికి రాలినయేమో."

"రాలితే కింద ఉండాలె గద?"

"గాలి మస్తుగ కొట్టింది మరి. యాడికి కొట్టుకపోయినయో."

ఆవిడ మాట నమ్మాను. ఆ ఒక్క మనిషిని వదిలేసి మిగతా తాండూరునంతా అనుమానించాను.

పాలు పోసే బాలమణి చెట్టు వైపు చూస్తే అనుమానం. చూడకపోతే ఇంకా పెద్ద అనుమానం. సాయంత్రం కాగానే వీధిలో అటూ ఇటూ తిరుగుతూ, వాకిట్లో ఎవరు కనిపించినా "ఇయ్యాల ఏం కూర?" అని అడిగేవాణ్ణి. మునక్కాయ పేరు చెప్పడానికి ఎవరు భుజాలు తడుముకుంటారో చూద్దామని నా పన్నాగం. వీధికి మాత్రం వేరేలా అర్థమైంది. పక్కింటి ఖాజా చాచా, రైల్వేలో చేసి రిటైరైన పెద్దమనిషి, ఓ గిన్నె పట్టుకుని వచ్చాడు.

"క్యా బేటా, భూక్ లగ్రీ క్యా? ఇంట్ల వంట చేస్తలేరా? జర తిను, శరమ్ పడకు."

చాచా వెళ్లాక సుజాత నా మీద విరుచుకుపడింది. "నేను నీకు కూడు పెడ్తలేనని వాడకట్టంత అనుకుంటుండ్రయ్యా!"

నేను వినడం లేదు. గిన్నెలో పప్పు, పప్పులో మునక్కాయ ముక్క. నా చెట్టుదే! కన్నతండ్రిని, పోల్చుకోలేనా? అయితే బజారు నిండా మునక్కాయలే ఉన్న రోజులవి. ముక్క చూపించి చాచాను నిలదీస్తే నలుగురూ నన్నే తంతారు. సాక్ష్యం కావాలి.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఈశ్వరుడి దగ్గర కెమెరా లేదు కాబట్టి అనుకున్నాను. నా దగ్గర ఉంది. అనంతగిరి చూడటానికి వెళ్లినప్పుడు వికారాబాదులో మా మామ ఇచ్చిన డబ్బా కెమెరా అది. రీల్లో ఇంకా ఫోటోలు మిగిలే ఉన్నాయి.

ఇక నా పనితనం చూడండి. ఓ రేకు డబ్బాకు ముందు వైపు రంధ్రం కొట్టి, పాడైన గడియారం అద్దాన్ని లప్పంతో అతికించాను. మూత చుట్టూ సైకిల్ ట్యూబు బిగించాను. పైన వానకు అడ్డంగా రేకుతో ఓ టోపీ. లోపల కాగితం పెట్టి చెంబెడు నీళ్లు పోసి చూస్తే కాగితం కాస్తా తడిసి ముద్దయింది. అతుకులన్నిటికీ తారు పూశాను. ఈసారి కాగితం పొడిగా ఉంది గానీ, డబ్బాను సజ్జ కింద ఇనుప పట్టీలతో బిగిస్తుంటే ఎండకు కరిగిన తారు నా తెల్లచొక్కా మీద కారింది. డబ్బా మీద గోనెపట్టా కప్పి కెమెరాను చల్లబరిచాను. చొక్కాను ఎవరూ కాపాడలేకపోయారు.

"ఏందయ్యా గది?" అంది సుజాత.

"పిచ్చుకలకు గూడు."

"మనుషులకు ఓ కాయ ఇయ్యవు గని, పిచ్చుకలకు ఇల్లు కడ్తున్నవా?"

పట్టీలు బిగించి కిందికి దిగాను. గోడకు ఆనించి ఉండే దోటికి సన్నని దారం కట్టి, రెండో కొసను డబ్బా అడుగున బెజ్జంలోంచి దూర్చి కెమెరా మీటకు తగిలించాను. కాయలు తెంపాలని దోటి ఎత్తిన వాడి ముఖం నా చేతికి చిక్కినట్టే. మరునాడే గాలివాన కొట్టింది. పరుగున వెళ్లి డబ్బా విప్పితే లోపల చుక్క తడి లేదు. కెమెరాను ముద్దు పెట్టుకోబోయి, తారు చూసి మానుకున్నాను.

వారం తిరగకముందే ఓ సాయంత్రం వచ్చి చూస్తే దారం తెగి ఉంది, దోటి జరిగి ఉంది, కొమ్మలు బోడిగా ఉన్నాయి. కాయలు పోయినందుకు అంత సంతోషించిన మనిషి ఇంకొకడు ఉండడు.

రీలు తాండూరులో కడిగిస్తే స్టూడియో అతను చాచాకు చెప్పేస్తాడేమోనని అనుమానం. రైలెక్కి వికారాబాదు వెళ్లి ఇచ్చి వచ్చాను. ఫోటోల కోసం మళ్లీ వెళితే అక్కడి స్టూడియో అతను చల్లగా చెప్పాడు.

"మీ మామ ఇట్ల పోతుంటే ఇచ్చిన సార్. మస్తు ఖుషీ అయిండు."

ఖుషీ ఎందుకయ్యాడో అర్థం కాలేదు. అత్తవారింటికి వెళ్లాను. మామ ఎదురొచ్చి నా వీపు తట్టాడు.

"మీ అత్త జిందగీల ఎన్నడు సక్కగ ఫోటో దిగలే. ఎంత మంచిగ తీసినవ్ అల్లుడా!"

చేతిలో ఫోటో పెట్టాడు. చీర కుచ్చిళ్లు దోపుకుని, రెండు చేతులా దోటి ఎత్తి, నోరు తెరిచి నా చెట్టు మీదికి దండయాత్రకు వెళ్తున్న మా అత్త! నేను డిపోకు పోయాక రైలు దిగి, నేను ఇల్లు చేరకముందే తిరుగు రైలెక్కేదని తర్వాత సుజాత ఒప్పుకుంది. అల్లుడి ముందు తెంపితే ప్రాణం తెంపినట్టు చూస్తాడని తల్లీకూతుళ్ల ఏర్పాటు.

వంటింట్లోంచి అత్త వచ్చింది. కళ్లలో నాకు బాగా తెలిసిన అనుమానం.

"నేనొచ్చినప్పుడు నువ్వు ఇంట్ల లేవు గద. ఎట్ల తీసినవ్?"

దొంగ కోసం పెట్టానంటే అత్తను దొంగ అన్నట్టే. "సజ్జ మీద ఉన్న అత్తా," అనేశాను.

"గంత ఎండల సజ్జ మీదెందుకు కూసున్నవ్?" ఆమె గొంతు మారింది. "నా బిడ్డ మీద కావలి కాస్తున్నవా?"

మామ చేయి నా వీపు మీంచి దిగిపోయింది. కాపురమే కదిలేలా ఉంది. ఇక దాచి లాభం లేదు.

"కాదత్తా, దొంగ కోసం కెమెరా పెట్టిన."

"దొంగనా? ఏం పోయినయ్?"

"మునక్కాయలు."

అత్త లోపలికి వెళ్లి పీటలు వేసింది, నాకూ మామకూ కంచాలు పెట్టింది, అన్నంలో ఘుమఘుమలాడే మునక్కాయ పులుసు పోసింది. తర్వాత నా ఎదురుగా కూర్చుని, నా కంచంలోంచి ఒక్కొక్క ముక్కనే ఏరి మామ కంచంలో వేసింది.

"దొంగసొమ్ము అల్లుడు తినొద్దు," అంది. "ఉత్త పులుసు తాగు కొడుకా."

తాగాను. మామ ముక్కలు నములుతున్న చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆ పులుసు మీద చేయి పెట్టి ప్రమాణం చేశాను. ఈ జన్మలో ఇంటి గోడకు కెమెరా బిగించను. ఒకవేళ బిగించక తప్పకపోతే, ముందుగా అత్తవారింటికి కబురంపి, ఏ రైలుకు వస్తున్నారో కనుక్కుని, ఆ పూట దాని మూతి మీద గోనెపట్టా కప్పి పెడతాను.