తాడు పట్టే చెయ్యి

నాకు చిన్నప్పటి నుంచీ ఆరా ఎక్కువ. మాచర్లలో సాగర్ రోడ్డు మీద మా నాన్నకు మెకానిక్ షెడ్డు ఉండేది. రిపేరుకు వచ్చిన ప్రతి లారీ డ్రైవర్నీ ఏ ఊరు, పిల్లలెందరు, ఇంట్లో వంట ఎవరు చేస్తారు అని అడిగేదాన్ని. "నీకెందుకే ఇయన్నీ" అని మా అమ్మ నెత్తిన మొట్టేది. డ్రైవర్లు మాత్రం నవ్వుకుంటూ అన్నీ చెప్పేవాళ్ళు. అడిగే తీరులో అడిగితే మనుషులు దాచుకోరని నాకు ఆ షెడ్డులోనే తెలిసింది. ఆ తర్వాత విశాఖలో మానవశాస్త్రమనే చదువు ఒకటుందనీ, జనాన్ని ఆరా తీస్తే అందులో డిగ్రీ ఇస్తారనీ విన్నప్పుడు నా సంతోషం ఇంతా అంతా కాదు.

ఈ విషయంలో మా నాన్న నాకు పూర్తి విరుద్ధం. బండి విప్పితే దాని గుట్టంతా మెకానిక్ చేతిలో పడుతుంది. ఏ లారీలో సీటు కింద దొంగ అర ఉందో, ఏ జీపు ఎక్కడ దేన్ని గుద్దుకుని వచ్చిందో ఆయనకు తెలుసు. పల్నాటిలో ఊరికి రెండు పార్టీలు. రెండు పార్టీల జీపులూ మా షెడ్డుకే వచ్చేవి. ఒకరి బండి సంగతి ఇంకొకరి దగ్గర ఆయన నోరు జారింది లేదు. అది ఆయన స్వభావమని అనుకునేదాన్ని. ఆయన పనిలో అదీ ఒక భాగమని నాకు తట్టలేదు.

ఎం.ఏ.లో మాకొక పాఠం ఉండేది. వియత్నాం యుద్ధ కాలంలో ఆ చుట్టుపక్కల దేశాల కొండ పల్లెల్లో కొందరు పండితులు కాపురముండి, ఎవరు ఎవరికి ఏమవుతారో, ఎవరి మాట ఎవరు వింటారో రాసుకొచ్చారనీ, ఆ రాతలు తిరుగుబాట్లను అణిచేవాళ్ళ చేతికి చేరాయనీ పెద్ద గొడవ జరిగింది. అలా ఇవ్వడం తగునా అని పరీక్షలో ప్రశ్న వచ్చింది. నేను అదనపు కాగితాలు అడిగి మరీ రాశాను. ఆ పండితుల్ని దుమ్మెత్తి పోశాను. క్లాసులో అందరికన్నా ఎక్కువ మార్కులు నాకే వచ్చాయి.

ఎనభైల నడుమ పరిశోధన కోసం సొంత ప్రాంతానికే తిరిగొచ్చాను. వెల్దుర్తి దాకా బస్సు, అక్కడి నుంచి నడక. అడవి అంచున పాతిక గుడిసెల చెంచు గూడెం. నేను నోటుబుక్కు తెరవకముందే వాళ్ళు నన్ను అడగడం మొదలుపెట్టారు. మీ నాయనకు అన్నదమ్ములెందరు, మీవాళ్ళు మేనరికం చేసుకుంటారా, ఇంత వయసొచ్చినా పెళ్ళెందుకు కాలేదు, ఆ చెప్పుల్లో కాలు కాలదా. రెండు రోజులు నేను జవాబులే చెప్పాను. నన్ను మించిన ఆరా మనుషుల మధ్య పడ్డానని తెలిసి ముచ్చటేసింది.

మూడో రోజు ఒక ముసలమ్మ తేల్చేసింది. "చుట్టరికం లేనిదాన్ని ఏమని పిలిచేది? ఈ పిల్ల తేనె తీసేవాడికి చెల్లెలు. పోండి" అంది. అలా నాకొక అన్న దొరికాడు. గూడెంలో తేనె తీయడంలో అతనిని మించినవాడు లేడు. అతని భార్య నాకు వదిన అయింది. వదిన తమ్ముడు, నాకన్నా నాలుగైదేళ్ళు పెద్ద, నాకు బావ అయ్యాడు. బావ అన్నాక వరస కలిసింది గనక అతను నన్ను ఏడిపించకుండా ఒక్క పూట ఉండేవాడు కాదు.

మా చదువులో చుట్టరికాల పటం గీస్తాం. మగవాడికి త్రిభుజం, ఆడమనిషికి సున్నా, మధ్యలో గీతలు. బావ ఒకరోజు నా భుజం మీదుగా చూసి తనెక్కడున్నాడని అడిగాడు. చూపించాను.

"నేను మూడు మూలలోణ్ణా మరదలా? మా అక్క మాత్రం గుండ్రంగా ఉందే."

"మగవాళ్ళందరూ అంతే బావా."

"అయితే నీ ముక్కు కూడా మగముక్కే. రాసుకో" అన్నాడు. ఆ మాట రాసుకున్నాను కూడా. ఆ రోజుల్లో నేను రాసుకోని మాటంటూ లేదు.

వేసవిలో నన్ను తేనెబండకు తీసుకెళ్ళారు. నిలువెత్తు చరియ, దాని పొట్ట కింద చాపలంత తేనెపట్లు. అన్న నడుముకు తాడు కట్టుకుని, పొగ కట్ట పట్టుకుని కిందికి దిగాడు. తాడు పైకొస ఒక చెట్టుకు కట్టి ఉంది. అయినా చెట్టుకూ అంచుకూ నడుమ బావ కాళ్ళు తన్నిపెట్టి, తాడును రెండు చేతుల్లో పట్టుకుని కూర్చున్నాడు. ఇంకెవర్నీ దగ్గరికి రానివ్వలేదు. అన్న సొంత తమ్ముళ్ళు ఇద్దరు దూరంగా నిలబడి చూస్తున్నారు. నా ఆరా ఊరుకోలేదు.

"సొంత తమ్ముళ్ళుండగా నువ్వెందుకు పట్టుకున్నావు బావా?"

"ఇంకెవురు పట్టుకుంటారు? తాడు భార్య తోడబుట్టినోడే పట్టాల. మా అక్క బొట్టు కదా కింద ఏలాడేది. నేను వదుల్తానా?"

ఎంత గొప్ప ఏర్పాటు! గూడేనికి తిరిగొచ్చే దారంతా నాకు కాళ్ళు నేల మీద నిలవలేదు. ఒక మనిషి తన ప్రాణాన్ని ఎవరి చేతుల్లో పెడతాడన్న ప్రశ్నకు వీళ్ళు ఇంత తేటగా జవాబు చెప్పుకున్నారు. పాత పుస్తకాల్లో ఈ ఆచారం గురించి చదివే ఉన్నాను. కళ్ళారా చూడటం వేరు. ఈ సంగతి ఎవరికైనా చెప్పకపోతే నిద్ర పట్టేట్టు లేదు.

వారానికోసారి స్నానానికీ బిర్యానీకీ మాచర్ల వచ్చేదాన్ని. ఆ శుక్రవారం మధ్యాహ్నం షెడ్డులో పోలీసు జీపు ఉంది. నాన్న దాని కిందికి దూరి క్లచ్ ప్లేటు చూస్తున్నాడు. జీపు తాలూకు అధికారి బల్ల మీద కూర్చుని పత్రిక చదువుకుంటున్నాడు. కొత్తగా బదిలీ మీద వచ్చాడు, బాగా చదువుకున్నవాడు. నన్ను చూసి లేచి నమస్కారం పెట్టాడు.

అప్పటికి అడవిలో తుపాకుల అన్నలు, నక్సలైట్లు, తిరుగుతున్నారని అందరూ చెప్పుకుంటున్నారు. వాళ్ళకు నీళ్ళున్న తావులు చూపించేది మా తేనె అన్నేనని పోలీసులకు అనుమానం. ఆ సంగతి నాకూ తెలుసు. అన్న అడిగినవాళ్ళకల్లా నీళ్ళు చూపించేవాడు. అడవి గార్డులకు చూపించాడు, నాకు చూపించాడు, వాళ్ళకూ చూపించే ఉంటాడు. తేనెబండ నుంచి వచ్చిన మర్నాటి నుంచీ అతను పోలీసులకు దొరక్కుండా లోపల్లోపలే తిరుగుతున్నాడు.

"మీ నోటుబుక్కు ఒకసారి చూడొచ్చా అమ్మా?" అని అడిగాడు అధికారి.

పరీక్షలో రాసిన జవాబంతా గొంతులోకి వచ్చేసింది. "ఇవ్వను సార్. వాళ్ళు నన్ను నమ్మి చెప్పినవి. మా చదువులో దీని మీద ఒక పాఠమే ఉంది" అన్నాను. పాఠమేమిటో కూడా చెప్పాను.

"మంచి పాఠం. ఇవ్వకండి" అని ఆయన మనస్ఫూర్తిగా మెచ్చుకున్నాడు. మళ్ళీ అడగలేదు. టీ తెప్పించాడు. అడవి గురించి మాట్లాడుకున్నాం. చెంచుల పాటలు, ఆకుల మందులు, ఇప్పపూలు, తేనెబండ. ప్రతిదీ శ్రద్ధగా విన్నాడు. అంత బాగా వినే మనిషి నాకు యూనివర్సిటీలో కూడా దొరకలేదు. నా జాతివాడే అనిపించింది. ఆ మాటా ఈ మాటా అయ్యాక, అంత ఎత్తు చరియ మీదినుంచి ఒంటరిగా దిగుతారా అని ఆశ్చర్యపడ్డాడు.

నేను తాడు సంగతి చెప్పాను. ఊరికే చెప్పలేదు, లేచి నిలబడి, చేతులు ఆడిస్తూ, బావమరిది కాళ్ళు ఎలా తన్నిపెడతాడో చూపిస్తూ చెప్పాను. "సొంత తమ్ముణ్ణి కూడా నమ్మరండీ. ఆ ఒక్కడినే నమ్ముతారు" అన్నాను. ఆయన గ్లాసు కింద పెట్టి "అద్భుతం" అన్నాడు. జీపు కింద పానా చప్పుడు ఆగిపోయింది.

జీపు వెళ్ళాక నాన్న చేతులు తుడుచుకుంటూ నా ముందు నిలబడ్డాడు. "పుస్తకం దాచుకుని లోపలిదంతా చెప్పేశావు గదా బేటీ" అన్నాడు.

నాకు కోపమొచ్చింది. అది ఒక ఆచారమనీ, ఎవరి పేరూ చెప్పలేదనీ, ఎప్పుడో పుస్తకాల్లోకెక్కిన సంగతేననీ వాదించాను. నాన్న "నాకేం తెలుసు, బండ్లు బాగుచేసేవాణ్ణి" అని ఇంకో జీపు దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆసారి నేను గూడెం చేరేసరికి నాలుగు రోజులు గడిచాయి. వదిన గుడిసె ముందు కూర్చుని ఉంది. ముసలమ్మ చెప్పింది. పోలీసులు వచ్చారు, గుడిసెలు వెతకలేదు, ఎవర్నీ కొట్టలేదు. "వాడికి తాడు పట్టేదెవురు" అని ఒక్క మాట అడిగారు. పిల్లలు బావ వైపు చూపించారు. ఎందుకు చూపించరు? అది దాచే సంగతని వాళ్ళకెవరూ చెప్పలేదు. బావను జీపెక్కించుకుని వెళ్ళిపోయారు.

నాన్నను వెంటబెట్టుకుని స్టేషన్‌కు వెళ్ళాను. అధికారి నాకు కుర్చీ వేయించాడు, టీ ఇప్పించాడు. బావ అక్కడ లేడన్నాడు. ఆయన ముఖంలో నా మీద గౌరవం ఏమీ తగ్గలేదు, అదే నాకు కంపరం పుట్టించింది. బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను. నాన్న వచ్చి నా పక్కనే కూర్చున్నాడు.

బావను పట్టుకెళ్ళిన పదకొండో రోజు తేనె అన్న తనంతట తనే అడవిలోనుంచి నడిచొచ్చి స్టేషన్‌లో కూర్చున్నాడు. తాడు రెండు వైపులా లాగుతుందని నాకు తట్టలేదు, ఆ అధికారికి తట్టింది. బావను వదిలేశారు. అన్న ఇల్లు చేరడానికి మరో నాలుగు నెలలు పట్టింది.

బావ కుడిచేతి వేళ్ళు ముడుచుకోవడం మానేశాయి. ఏం జరిగిందో అతను చెప్పలేదు. జీవితంలో మొదటిసారి నేను అడగలేదు. నేను చెప్పాల్సింది మాత్రం చెప్పాను. తాడు సంగతి పోలీసులకు చెప్పింది నేనేనని, చెప్పకపోతే నా ముఖం నేనే చూసుకోలేనని.

అతను ఎడమచేత్తో ఆ వేళ్ళు వంచబోయి వదిలేశాడు. "నీ పుస్తకంలో ఒకటి రాయి అమ్మా" అన్నాడు. మరదలా అనలేదు. "మాలో తాడు ఎవురైనా పట్టుకుంటారని రాయి."

"అది అబద్ధం కదా."

"నీ పుస్తకం ఎవురు చదువుతారో నీకు ఎరికేనా?"

నాకు తెలియదు. పరీక్షలో పదహారు పేజీలు రాసిన దాన్ని, ఆ ప్రశ్న నన్ను నేనెప్పుడూ వేసుకోలేదు. గైడు చదువుతారు, లైబ్రరీలో పెడతారు, ఆ తర్వాత? నేను గూడెంలో అడిగినవీ ఆ అధికారి నన్ను అడిగినవీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాను. ఎవరికి ఎవరు ఏమవుతారు, కష్టమొస్తే ఎవరింటికి పోతారు, ఎవర్ని నమ్ముతారు. ప్రశ్నలు ఒకటే. నావి మంచివి, ఆయనవి చెడ్డవి అనడానికి ప్రశ్నల్లో నాకు తేడా కనిపించలేదు. ఇప్పటికీ వెతుకుతూనే ఉన్నాను. సున్నాల, త్రిభుజాల పటాలున్న కాగితాలన్నీ షెడ్డు వెనక కాల్చేశాను. కానీ అబద్ధం రాయడానికి చెయ్యి రాలేదు. ఆ ఒక్క పేజీ ఖాళీగా వదిలేశాను.

మరుసటి వేసవిలో మళ్ళీ తేనెబండకు వెళ్ళాను. నన్ను రావద్దని ఎవరూ అనలేదు, రమ్మనీ అనలేదు. అన్న నడుముకు తాడు కట్టుకున్నాడు. బావ కుడిచెయ్యి చంకలో పెట్టుకుని దూరంగా నిలబడ్డాడు. చెట్టుకూ అంచుకూ నడుమ, కొంగు నడుముకు బిగించి, కాళ్ళు తన్నిపెట్టి వదిన కూర్చుంది. తన బొట్టు తనే పట్టుకుంది. అన్న కిందున్నంతసేపూ బావ ఆమె వెనక నుంచి "వదలమాక అక్కా, చానా మెల్లగా" అంటూనే ఉన్నాడు.

ఆ ఖాళీ పేజీ నింపి థీసిస్ ఇచ్చాను. వైవాలో బయటినుంచి వచ్చిన పెద్దాయన సరిగ్గా ఆ పేజీ మీదే వేలు పెట్టారు. "తాడు బావమరిదే పట్టాలని అందరూ రాశారు. ఎవరైనా పట్టుకోవచ్చని మీరొక్కరే రాశారు. ఎవరో చెబితే రాశారా, మీరు చూశారా?" అని అడిగారు.

"చూశానండీ" అన్నాను.

"ఎందుకు మారిందో అడిగారా?"

"లేదండీ" అన్నాను. పరిశోధకురాలికి అంత తక్కువ కుతూహలం పనికిరాదని ఆయన మందలించారు.